అమ్మ కాకముందు ఆమె ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పోయిన అమ్మను, అమ్మమ్మను, నాయనమ్మను ఎలా గుర్తుంచుకోవాలి, ఆ జీవితాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి, మిగిలిపోయిన ఫొటోలనూ గొంతునూ ఎలా కాపాడుకోవాలి అని అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను క్లుప్తం చేశాను, పేర్లూ ఊర్లూ తీసివేశాను.

ప్రశ్న: మా అమ్మ ఎనభై ఒకటో ఏట కన్నుమూసి ఎనిమిది నెలలైంది. నలుగురు పిల్లల్లో కాస్తో కూస్తో రాయగలిగినదాన్ని నేనే కాబట్టి, అమ్మ జీవితాన్ని చిన్న పుస్తకంగా రాసి అందరికీ తలో ప్రతి ఇవ్వమని అన్నయ్యలు నాకు అప్పగించారు. రాయడానికి కూర్చుంటే ‘ప్రేమమూర్తి’, ‘త్యాగమూర్తి’, ‘సహనానికి మారుపేరు’ వంటి మాటలే వస్తున్నాయి. నాలుగు పేజీలు రాసి మావారికి వినిపిస్తే, ‘ఇది మా అమ్మ గురించి రాసినట్టే ఉంది’ అన్నారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు తెలియలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మెచ్చుకోలైనా వెక్కిరింతైనా, ఆ నాలుగు పేజీల మీద మీవారు చెప్పినది సరైన మాట. మీరు రాసిన విశేషణాలు అబద్ధాలు కావు. అయితే అవి ఎవరి అమ్మకైనా అతుకుతాయి, మీ అమ్మను మాత్రం చూపించవు. ఆ పేజీలను చింపేయనక్కరలేదు. ఒక్కొక్క విశేషణం దగ్గరా ఆగి, ‘ఇది నేను ఎప్పుడు చూశాను, ఆ గదిలో ఇంకెవరున్నారు, అప్పుడు అమ్మ చేతులు ఏం చేస్తున్నాయి’ అని మిమ్మల్ని మీరే అడిగి, వచ్చిన జవాబును రాసుకుని, విశేషణాన్ని కొట్టేయండి. జవాబు రాని విశేషణం అలవాటు కొద్దీ వచ్చి చేరినదని అర్థం.

నా అనుభవమే చెబుతాను. మా అమ్మ కళ్లజోడు ఒక పక్క కొక్కెం విరిగితే దానికి నల్లదారం చుట్టుకుని ఏళ్ల తరబడి వాడింది. కొత్తది కొనిస్తామన్నప్పుడల్లా, ‘ఇందులోంచి బాగానే కనబడుతోంది కదా’ అనేది. దారం వదులైనప్పుడు దాన్ని విప్పి, చివర నోటితో తడిపి, మళ్లీ చుట్టుకోవడం నా కళ్లకు కట్టినట్టుంది. ఆమె పొదుపు గురించీ పంతం గురించీ నేను ఎన్ని వాక్యాలు రాసినా ఆ దారమంత పని చేయలేదు.

రాసే పద్ధతి విషయానికి వస్తే, ‘ఫలానా సంవత్సరంలో జన్మించారు’ అని మొదలుపెట్టకండి. చిన్న చిన్న కాగితపు ముక్కలు దగ్గర పెట్టుకుని, జ్ఞాపకం ఒక్కొక్కటీ ఒక్కో ముక్క మీద, ఎవరు చెప్పారో పక్కనే వేసి, నెల రోజుల పాటు రాస్తూ పోండి. వరుస గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు. ఆ ముక్కల్లో మీవి మాత్రమే ఉండకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఒకే మనిషి మీకు అమ్మ, మీ పిల్లలకు అమ్మమ్మ, మీ అన్నయ్యల పిల్లలకు నాయనమ్మ, మీ వదినలకు అత్తగారు, తన చెల్లెలికి అక్క, ఆ చెల్లెలి పిల్లలకు పెద్దమ్మ. పిలుపు మారినప్పుడల్లా మనిషి కొంచెం మారుతుంది. ఆమె తల్లి అయ్యేనాటికి ఇరవై రెండేళ్లు అనుకుంటే, ఎనభై ఒక్క ఏళ్ల జీవితంలో నాలుగో వంతుకు పైగా మీరు నలుగురూ చూడనే లేదు. అది తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? ఆమె చెల్లెలు, తమ్ముడు, చిన్ననాటి స్నేహితురాలు ఎవరైనా ఉంటే, పుస్తకం పక్కన పెట్టి ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

పెద్దవాళ్లను ‘ఇప్పుడేం గుర్తుంటుందిలే’ అని వదిలేయడం మనం సాధారణంగా చేసే పొరపాటు. నడివయసు దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమని అడిగినప్పుడు, సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మిగతా కాలం కన్నా ఎక్కువగా పైకి వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు పదే పదే గమనించారు. అందువల్ల నిన్న వచ్చిన చుట్టం పేరు మరిచిపోయే మీ పిన్ని, అక్కతో కలిసి బడికి నడిచిన దారిని మలుపు మలుపుగా చెప్పగలిగితే ఆశ్చర్యపోకండి. అయితే ‘అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేది?’ అని అడిగితే, ‘బంగారం లాంటి మనిషి’ అనే జవాబు తప్ప మరొకటి రాదు. ‘మీ ఇద్దరూ ఏ గదిలో పడుకునేవారు? ముందు ఎవరు లేచేవారు? ఏ విషయం మీద పోట్లాడుకునేవారు?’ అని అడగండి. పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి, మీరు మాట్లాడకుండా ఊరుకోండి. ఒక్క కూర్చోవడంలో గంట, మహా అయితే గంటన్నర మించనివ్వకండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఎందుకంటే పెద్దవాళ్లు అసలు మాట తరచుగా మీరు లేచి చెప్పులు వేసుకుంటున్నప్పుడు చెబుతారు.

ప్రశ్న: అమ్మ ఉద్యోగం మానేసిన సంఘటన మా అన్నయ్యకు ఒక రకంగా, నాకు మరొక రకంగా గుర్తుంది. నాన్న మాన్పించారని వాడు, తానే మానుకుందని నేను. ఇద్దరం అక్కడే ఉన్నాం. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు. ఏది రాయాలి?

జవాబు: రెండూ రాయండి, ఎవరి మాట ఎవరిదో పేరు పెట్టి రాయండి. మీలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కరలేదు. కేంబ్రిడ్జికి చెందిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్, పాఠకులకు పరిచయం లేని ఒక కథను చదివించి, కొంత వ్యవధి తరువాత మళ్లీ మళ్లీ చెప్పించి చూశారు. చెప్పిన ప్రతిసారీ కథ చిన్నదైంది, వింతగా తోచినవి జారిపోయాయి, మిగిలినవి చెప్పేవారికి తెలిసిన ప్రపంచానికి తగ్గట్టుగా మారాయి. 1932లో ఆయన ప్రకటించిన ఈ పరిశీలన తరువాత, జ్ఞాపకమంటే పెట్టెలో దాచిన వస్తువును తీసి చూపడం కాదనీ, ప్రతిసారీ దాన్ని కొత్తగా కట్టుకుంటామనీ అనుకోవడం స్థిరపడింది. మీ అన్నయ్య ఇన్నేళ్లుగా నాన్న మీద ఉన్న కోపంతో ఆ సంఘటనను కట్టుకుంటూ వచ్చి ఉండవచ్చు. మీరు అమ్మ మీద ఉన్న గౌరవంతో కట్టుకుంటూ వచ్చి ఉండవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఉంది. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తల్లి ఒక్కతే అంటాం గానీ, మొదటి బిడ్డను పెంచిన ఇరవై రెండేళ్ల అమ్మాయీ, చివరి బిడ్డను పెంచిన ముప్పై అయిదేళ్ల గృహిణీ ఒకే ఓపికతో ఒకే భయాలతో ఉండరు. తేదీలు తేల్చుకోవడానికి మాత్రం జ్ఞాపకాన్ని నమ్మకండి. రాజీనామా ఉత్తరం, బ్యాంకు పుస్తకం, ఇంటి అద్దె రశీదు వంటి ఏ కాగితం దొరికినా అది మీ ఇద్దరికన్నా మెరుగైన సాక్షి.

ప్రశ్న: మా నాయనమ్మ మమ్మల్ని కంటికి రెప్పలా పెంచింది. కానీ మా అమ్మను మాత్రం చాలా బాధపెట్టింది. ఇప్పుడు మనవలమంతా కలిసి నాయనమ్మ జ్ఞాపకాలు రాద్దామనుకుంటుంటే, అమ్మ ఒక్క మాట కూడా అనడం లేదు. ఆ మౌనం చూస్తే నాకు రాయబుద్ధి కావడం లేదు. చనిపోయినవారి గురించి మంచే చెప్పాలంటారు కదా?

జవాబు: మంచే చెప్పాలనే నియమం సంతాపసభకు పనికొస్తుంది, జీవితచరిత్రకు పనికిరాదు. అయితే నిజం చెప్పడం పేరుతో మీరే మీ అమ్మ తరఫున తీర్పరిగా కూర్చోవడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ బాధ మీ అమ్మది. దాన్ని చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి అనేది ఆవిడ ఇష్టం.

మీరు చేయగలిగినది ఒకటుంది. మనవలంతా కూడే ముందే, అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘నాయనమ్మ గురించి రాస్తున్నాం. నీకు ఆవిడ ఎలా ఉండేదో మాకు తెలుసు. నువ్వు చెబితే వింటాను, చెప్పకపోయినా ఫరవాలేదు, రాయొద్దంటే రాయను’ అనండి. చాలామంది కోడళ్లకు ఇన్నేళ్లలో అందనిది ఆ ‘మాకు తెలుసు’ అన్న ఒక్క మాటే. ఆవిడ మాట్లాడినా మాట్లాడకపోయినా, మీ పుస్తకంలో ‘మా నాయనమ్మ అందరినీ ఒకేలా చూసేది’ అనే వాక్యం మాత్రం ఉండకూడదు. మీకు తెలిసిన నాయనమ్మను మీరు ప్రేమగా రాయవచ్చు. ‘మనవలమైన మాకు ఆమె ఇలా ఉండేది’ అన్న హద్దు చెరిపేయకుండా రాస్తే, మీ అమ్మ ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోగలుగుతుంది. నాయనమ్మ కూడా ఒకప్పుడు ఎవరికో కోడలే. ఆ రోజులు తెలిసినవాళ్లెవరైనా ఉంటే అడగండి. ఆమె చేసినదానికి అది సమర్థన కాదు, కానీ అది లేకుండా ఆమె జీవితం సగమే.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి మా అమ్మ ఒళ్లోనే పెరిగాడు. అమ్మ పోయి రెండు నెలలైంది. ‘అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?’ అని రోజూ అడుగుతున్నాడు. ‘నిద్రపోయింది’, ‘దూరం వెళ్లింది’ అని చెబుతున్నాను. పెద్దయ్యాక అమ్మమ్మ వాడికి గుర్తుంటుందా?

జవాబు: ముందుగా, ‘నిద్రపోయింది’ అనడం ఈ రోజే మానేయండి. పడుకుంటే తాను కూడా లేవనేమోనని, దూరం వెళ్లిన అమ్మానాన్నలు తిరిగి రారేమోనని పిల్లలు భయపడతారు. ‘అమ్మమ్మ చనిపోయింది. అంటే ఆమె శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు, తిరిగి రాదు’ అని సూటిగా, మెత్తగా చెప్పండి. రేపు మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. మరణం తిరుగులేనిదనీ, అందరికీ వస్తుందనీ పిల్లలకు బోధపడేది సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ల మధ్య. అప్పటి దాకా అదే ప్రశ్నకు అదే జవాబు, విసుగు లేకుండా. చెబుతూ మీకు కన్నీళ్లొస్తే దాచుకోనక్కరలేదు. ‘అమ్మమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తోంది’ అంటే వాడికి అర్థమవుతుంది.

ఇక రెండో ప్రశ్నకు జవాబు మీకు కష్టంగా ఉండవచ్చు. పెద్దవాళ్లను తమ తొలి జ్ఞాపకం ఏదని అడిగితే, సగటున మూడు, మూడున్నర ఏళ్ల వయసు దగ్గర ఆగుతుంది. ఆ తరువాతి రెండు మూడేళ్లవి కూడా పల్చగానే మిగులుతాయి. అంటే ఈ రోజు వాడికి స్పష్టంగా ఉన్న అమ్మమ్మ చాలా వరకు చెరిగిపోతుంది. అయితే దీన్ని కొంత మార్చగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నారు. గడిచిన సంగతుల గురించి తల్లిదండ్రులు వివరంగా, ప్రశ్నలు అడుగుతూ మాట్లాడే ఇళ్లలో పిల్లలకు జ్ఞాపకాలు మరింత వివరంగా నిలుస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. పూర్వీకుల కథలకు గొప్ప విలువనిచ్చే న్యూజిలాండ్ మావోరీ ప్రజల తొలి జ్ఞాపకాలు, అక్కడి యూరోపియన్ సంతతివారి కన్నా ముందు వయసు నుంచే మొదలవుతాయని తేలడం ఇందుకు ఒక ఉదాహరణ.

కాబట్టి రాత్రి పడుకోబెట్టేటప్పుడు ‘అమ్మమ్మ నిన్ను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడితే ఏం చూసేవాళ్లు?’ అని అడగండి. వాడు తప్పు చెప్పినా దిద్దకండి, పెంచండి. వాడి మాటల్ని తేదీ వేసి వాడి మాటల్లోనే ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పదేళ్ల తరువాత వాడు అది చదివినప్పుడు, అమ్మమ్మ గుర్తు లేకపోయినా, అమ్మమ్మను గుర్తుపెట్టుకున్న నాలుగేళ్ల తానే తనకు సాక్ష్యంగా ఉంటాడు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఇరవై ప్రశ్నలు తయారుచేసి, అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారు, తాతలు ఎక్కడ పెరిగారు వంటివి పిల్లలకు ఎంత తెలుసో కొలిచారు. ఎక్కువ తెలిసిన పిల్లలలో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. కథలు వల్లె వేయిస్తే ఆత్మవిశ్వాసం వస్తుందని దీని అర్థం కాదు. అలాంటి కథలు దొర్లే ఇంట్లో, వాటిని చెప్పడానికి కూర్చునే పెద్దవాళ్లు ఉంటారు.

ప్రశ్న: అమ్మమ్మ గొంతు ఉన్న క్యాసెట్ ఒక్కటే ఉంది. ముప్పై ఏళ్ల నాటిది. ఫొటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో రంగు మారిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఆత్రపడి క్యాసెట్‌ను వెంటనే పెట్టి వినకండి. ముందు వెలుతురులో పట్టుకుని చూడండి. టేపు అంచుల మీద తెల్లటి పొడి కనబడితే అది బూజు, దాన్ని ఇంట్లో ఆడించకుండా ఈ పని తెలిసినవారికి అప్పగించండి. టేపు శుభ్రంగా ఉంటే, క్యాసెట్ వెనుక అంచున రెండు చివరల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి. అప్పుడు ఎవరైనా పొరపాటున రికార్డింగ్ మీట నొక్కినా అది దిగదు, అమ్మమ్మ గొంతు చెరగదు. టేపును ప్లేయర్ తల (టేపును చదివే భాగం) మీదకు ఒత్తే, క్యాసెట్‌లోని చిన్న మెత్తటి ముక్క ఊడిపోయిందేమో చూసి, తల శుభ్రం చేసిన మంచి ప్లేయర్‌లో, మొదటిసారి ఆడించేటప్పుడే కంప్యూటర్‌కు తీగ కలిపి డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైలుగా ఎక్కించుకోండి. ఎంపీ3 పంచుకోవడానికి సరిపోతుంది, దాచుకోవడానికి సరిపోదు. మధ్యలో వచ్చే దగ్గునూ, తలుపు చప్పుడునూ, ‘ఇది తిరుగుతోందా?’ అనే అనుమానాన్నీ కత్తిరించకండి. ఇప్పటి ఫోన్లలోని వాయిస్ మెసేజ్‌ల సంగతి కూడా ఇంతే. ఫోన్ మార్చేలోగా వాటిని బయటికి తీసి దాచండి.

రంగు ఫొటోల్లోని రంగులు చీకట్లో పెట్టినా నెమ్మదిగా పాలిపోతాయి. పాత నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది కాబట్టి అవి సాధారణంగా ఎక్కువ కాలం నిలుస్తాయి. జిగురు పేజీ నుంచి ఫొటోను పీకకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో కింద జొనిపి అటూ ఇటూ కదిలిస్తే చాలా వరకు ఊడివస్తుంది. రాకపోతే పేజీని ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేయండి. చిన్న ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల స్పష్టత) పెట్టండి. ప్రతులు మూడు ఉండాలి, అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, ఈ ఆదివారమే, ఆల్బమ్ తీసుకుని ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని ఎవరెవరో అడగండి. ఫొటో వెనుక అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా పేర్లు రాయండి. రంగు పోయిన ఫొటోను కంప్యూటర్ కొంత బాగుచేయగలదు, పేరు పోయిన ముఖాన్ని ఏ యంత్రమూ గుర్తుపట్టి చెప్పలేదు.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఉద్యోగానికి వెళుతున్నాను, నవ్వుతున్నాను, అన్నీ చేస్తున్నాను. కానీ ఇంటికి రాగానే అమ్మ ఫొటోతో ఆ రోజు సంగతులు చెప్పుకుంటాను. ‘ఇంకా బయటపడలేదా’ అంటున్నారు అక్క. ఇది జబ్బా?

జవాబు: మీరు రాసినంత వరకు కాదు. పోయినవారి నుంచి మనసును కొద్దికొద్దిగా తెంచుకోవడమే శోకం చేసే పని అని 1917లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ రాశారు. మీ అక్క మాటల వెనుక ఉన్నది ఆ ఆలోచనే, ఆమెకు ఫ్రాయిడ్ ఎవరో తెలియకపోయినా. కానీ ఆయనే, 1920లో కూతురు సోఫీని పోగొట్టుకున్నాక, 1929లో ఆమెకు ముప్పై ఆరేళ్లు నిండవలసిన రోజున ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీ ఎన్నటికీ పూర్తిగా నిండదనీ, అది అలాగే ఉండాలనీ ఒప్పుకున్నారు. 1996 నుంచి శోకం మీద పనిచేసే చాలామంది, పోయినవారితో బంధాన్ని రూపం మార్చి కొనసాగించుకోవడం సహజమేనని చెబుతున్నారు. శోకానికి ‘అయిదు దశలు’ అని అందరూ చెప్పేది, 1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ మరణశయ్య మీద ఉన్న రోగులతో మాట్లాడి రాసినది. మిగిలిపోయినవారు వరుసగా ఎక్కవలసిన మెట్లు అవి కావు.

జబ్బు అనదగిన పరిస్థితి వేరే ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో దాన్ని తాను గుర్తించే మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది. పెద్దవారిలో మరణం తరువాత ఏడాది దాటినా, దాదాపు ప్రతిరోజూ తట్టుకోలేని తపన ఉండి, బతుకు అర్థంలేనిదిగా తోచి, పనులు సాగని స్థితి అది. అలాంటిదేదైనా ఉంటే, ముఖ్యంగా అమ్మ దగ్గరికే వెళ్లిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. అది లేనప్పుడు, ఫొటోతో మాట్లాడుకోండి. వీలైతే ఒకరోజు మీ అక్కను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఆవిడ కూడా ఏదో ఒకటి చెప్పుకోవాలనే అనుకుంటున్నారేమో.

ప్రశ్న: అమ్మమ్మ పుస్తకం సిద్ధమైంది. అట్ట మీద ‘మా అమ్మమ్మ’ అని వేస్తే చాలదా? మనవలందరికీ ఆవిడ అమ్మమ్మే కదా.

జవాబు: చాలదు. మనవల పిల్లలు ఆ పుస్తకం తెరిచేనాటికి, ఎవరి అమ్మమ్మో చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు. ‘మా అమ్మమ్మ’ అని చిన్న అక్షరాల్లో వేసుకోండి, పెద్ద అక్షరాల్లో ఆమె పేరు వేయండి. చిన్నప్పుడు పుట్టింట్లో పిలిచిన పేరు వేరే ఉంటే లోపలి పేజీలో అది కూడా ఉండాలి. పేరు ఎలా రాయాలన్న విషయంలో మీలో మీకు తేడాలొస్తే, ఆమె సంతకం ఉన్న కాగితం ఒకటి వెతకండి. దీర్ఘం ఎక్కడ పెట్టిందో, ఏ అక్షరం వదిలేసిందో అందులో తెలుస్తుంది, పుస్తకం మీద కూడా అలాగే ఉండనివ్వండి. సంతకం లేదు, వేలిముద్రే ఉంది అంటారా, దాన్ని స్కాన్ చేసి పేరు కింద వేయండి.